డొంకదారిలో బొరియ

తంగేడు గుట్టకు దక్షిణాన రాళ్ళ క్వారీ మొదలైన ఏడాది, అక్కడి జంతువులకు ఇళ్ళ కరువొచ్చింది. బండ పేలినప్పుడల్లా బొరియల్లో మట్టి జలజలా రాలేది. పిల్లలు గలవాళ్ళు, ముసలివాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఉత్తరం వైపుకు కదిలారు. దాంతో ఆ వైపు నేలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది.

గిరాకీ వాసన అందరికంటే ముందు పట్టింది సింగరప్ప అనే నక్క. నిన్నటిదాకా కోళ్ళదొడ్ల చుట్టూ తిరిగినవాడు రాత్రికి రాత్రే బొరియల బ్రోకరైపోయాడు. తవ్విన బొరియలు, తవ్వబోయే బొరియలు, గునపం కూడా దిగని బండలు, అన్నిటికీ బేరం పెట్టాడు.

అతని దగ్గర పని నేర్చుకోవడానికి పసిడి అనే గోరింక చేరింది. మాట తీపి, రెక్క చురుకు, అనుభవం మాత్రం సున్నా.

"చూడమ్మాయ్," అన్నాడు సింగరప్ప, తోక దులుపుకుని. "ఇల్లు ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే చూపించాలి. ఇరుగుపొరుగుతో మాట కలవనివ్వకూడదు. ఆలోచించుకుంటామని ఎవరైనా అన్నారనుకో, 'సరే మీ ఇష్టం, ఇంకొకాయన బయానా పట్టుకుని దారిలో ఉన్నాడు' అనాలి. ఈ వ్యాపారానికి ఇంతకు మించిన చదువు లేదు."

"నిజంగా దారిలో ఉంటాడా మామా?"

"దారి అన్నాక ఎవడో ఒకడు ఉండడూ!"

పసిడి పకపకా నవ్వింది. మామ ఎంత తెలివైనవాడో అనుకుంది.

ఆమెకు దొరికిన మొదటి బేరం సూదమ్మది. సూదమ్మ ఏదుపంది. నిండు చూలాలు. దక్షిణాన ఆమె ఉన్న బొరియకు నిలువునా పగులొచ్చింది. వానలు దిగేలోపు, నొప్పులు మొదలయ్యేలోపు గట్టి ఇల్లు కావాలి.

"మేం పగలు నిద్రపోయేవాళ్ళం కదమ్మా, సందెవేళ వచ్చి చూస్తాను," అంది సూదమ్మ.

"అలా కాదక్కా, ఎండలో అయితేనే లోపలి గోడలు బాగా కనబడతాయట. మా మామ చెప్పాడు," అంది పసిడి. అది నిజమేనని ఆమె నమ్మింది కూడా.

సూదమ్మ సగం మూసుకున్న కళ్ళతో, ఆవలించుకుంటూ మిట్టమధ్యాహ్నం వచ్చింది. చదునైన నేల. చుట్టూ నిశ్శబ్దం. లోపల చల్లగా ఉంది, మట్టి మెత్తగా ఉంది. వారం కిందటే తవ్వినట్టు తెలుస్తూనే ఉంది. ముందున్న నేలంతా ఎవరో ఊడ్చినట్టు నున్నగా ఉంది. ఊడ్చింది సింగరప్ప తోకేనని ఆమెకు తెలియదు, పసిడికీ తెలియదు.

"ఒక్కరోజు ఆలోచించుకోనా?" అంది సూదమ్మ.

"నీ ఇష్టం అక్కా. కానీ ఇంకొకాయన బయానా పట్టుకుని దారిలో ఉన్నాడు."

ఆ మాటతో సూదమ్మ నిద్రమత్తు ఎగిరిపోయింది. పురిటికని దాచుకున్న తీపిదుంపల్లో సగం అప్పటికప్పుడే బయానా ఇచ్చేసింది. పసిడికి కాలు నేల మీద నిలవలేదు. మొదటి బేరం, అదీ మొదటి రోజే!

ఆ సాయంత్రం పసిడి మేత నుంచి వచ్చే మందను దారిలో కలిసి, బూదెన్న వీపు మీద వాలింది. బూదెన్న మందలోకెల్లా పెద్ద ఎద్దు, నెమ్మదస్తుడు. అతని వీపు మీద పిడుదులు ఏరుకుంటూ లోకం కబుర్లు చెప్పుకోవడం ఆమెకు రోజూ ఉన్నదే, కాకపోతే మేతబీడులోనే; మందతో ఇంటిదారి పట్టడం ఇదే మొదలు.

"ఇవాళ ఒక ఇల్లాలికి ఇల్లిప్పించాను పెదనాన్నా! ఎంత హాయైన చోటనుకున్నావ్! చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది."

"మంచిపని చేశావమ్మా. ఎక్కడ?"

చెబుదామని తల తిప్పిన పసిడి ముక్కులోని పిడుదును జారవిడిచింది. మంద నేరుగా ఆ చదును మీదికే నడుస్తోంది. ముందు నలభై గేదెలు, వెనక ఎడ్లు. దుమ్ము ఆకాశానికి లేచింది.

"ఆగు పెదనాన్నా! పక్కకు పద! కింద ఇల్లుంది!"

బూదెన్న ఆగి, కాలెత్తి, కిందికి చూశాడు. గిట్ట పడబోయే చోట నేల బీటవారి ఉంది.

"ఇక్కడ ఇల్లేమిటమ్మా? ఇది మా తాతల నాటి డొంక. పొద్దున ఇటే పోతాం, సాయంత్రం ఇటే వస్తాం. వానాకాలం పక్క చేలల్లో పైరు ఉంటుంది కాబట్టి ఊళ్ళో బళ్ళు కూడా ఇటే." అతను జాగ్రత్తగా పక్కకు అడుగేశాడు. "తొలి వాన పడి నేల నానిందంటే ఆ కప్పు ఒక్క పూట నిలవదు."

పసిడికి అప్పుడు అర్థమైంది. తన తీపి మాట నమ్మి ఒక చూలాలు పిల్లలతో సహా సమాధి కొనుక్కుంది. సింగరప్ప దగ్గరికి పోయి అడగాలా? అడిగితే ఏమంటాడో తెలుసు. కళ్ళు మూసుకుని ఊరుకుంటే తనకు రావలసింది తనకొస్తుంది. ఆ ఆలోచన రాగానే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. తిన్నగా సూదమ్మ దగ్గరికి ఎగిరింది.

"అక్కా, నన్ను తిట్టు. ముందు తిట్టు, తరవాత చెబుతాను."

విన్నాక సూదమ్మ ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. పసిడి రెండు గంతులు వెనక్కేసింది కానీ పారిపోలేదు.

"దారిలో ఉన్నాడన్నావే, ఆ ఇంకొకాయన?"

"లేడక్కా. ఎవరూ లేరు. అనమన్నాడు, అన్నాను."

సూదమ్మ ముళ్ళు మెల్లగా ఒదిగాయి.

"తప్పు నాది కూడా ఉందిలే. అరటిపండు కొన్నా అటూ ఇటూ తిప్పి చూస్తాం, ఇల్లు మాత్రం నిద్రకళ్ళతో చూసి కొన్నాను. నువ్వొచ్చి చెప్పావు, అది చాలు. ఇప్పుడు దుంపలు వెనక్కి రావాలి. ఎలా?"

"నేనింక అబద్ధం మాత్రం ఆడలేనక్కా."

"అబద్ధమెందుకే పిచ్చిదానా? నిజమే చాలు. మా దబ్బనమ్మ పెద్దత్త, వాళ్ళ వాళ్ళు, మొత్తం ఏడు కుటుంబాలు రేపు దక్షిణం నుంచి వస్తున్నారు. అందరికీ ఇళ్ళు కావాలి. మేం పగలు బయటికి రాం, సాయంత్రమే చూస్తాం. ఈ మాటలు ఉన్నవున్నట్టు పోయి చెప్పు."

పసిడి చెప్పింది. ఏడు బేరాలని వినగానే సింగరప్ప నోట్లో నీళ్ళూరాయి. సాయంత్రం అనగానే ఆ నీళ్ళు ఆరిపోయాయి.

"మధ్యాహ్నం రారా?"

"రారు మామా. దబ్బనమ్మ గారు సరేనంటే మిగతా ఆరుగురూ సరేనంటారట."

నక్క మనసులో లెక్కేసుకున్నాడు. పొద్దు వాలాక వచ్చినా మంద వచ్చేలోపు నాలుగు మాటల్లో తేల్చేయొచ్చు. ఏడు బయానాలు! ఆశ ముందు నడిస్తే బుద్ధి వెనక కుంటుతుందని ఊరికే అన్నారా?

మర్నాడు సాయంత్రం సూదమ్మతో సహా ఏదుపందులు బిలబిలమంటూ వచ్చాయి. అందరికంటే ముందు దబ్బనమ్మ, ముసలిది, చూపు మందం, నోరు పదును. సింగరప్ప సూదమ్మకు అమ్మిన బొరియనే మచ్చుకు చూపించి, పక్కనే ఇలాంటివి ఇంకో ఏడు తవ్వి ఇస్తానన్నాడు.

"బాగుంది నాయనా. నీళ్ళెంత దూరం?"

"పక్కనే అమ్మా, వాగు!"

"పక్కనే అంటే ఎన్ని అడుగులు? నా అడుగులా, నీ అడుగులా?"

సింగరప్ప పొద్దు వంక చూశాడు. "నూటయాభై అడుగులమ్మా. మరి బయానా..."

"తొందరేముంది? ఇది తవ్విందెవరు?"

"నేనే."

"నీదేనా ఈ నేల? తరతరాలుగానా, మధ్యలో వచ్చిందా? హద్దులు చెప్పు. తూర్పున ఎవరుంటారు? పడమర ఎవరుంటారు?"

"తూర్పున తంగేడు పొదమ్మా, పడమర రేగు పొద."

"పొదలు పలుకుతాయా నాయనా? మాట్లాడే పొరుగువాళ్ళెవరూ లేరా? ఇంత మంచి చోటైతే నువ్వెందుకు ఉండవు?"

సింగరప్ప తోక చెమటతో ముద్దైపోయింది. "నాకు వేరే ఇల్లుందమ్మా! పెద్దమ్మా, చీకటి పడుతోంది, తొందరగా తేల్చండి."

"చీకటి పడితే మాకు తెల్లారినట్టేగా. కప్పు గట్టిదేనా?"

"ఏనుగు నడిచినా చెక్కు చెదరదు!"

"నాకు కళ్ళు ఆనవు. నువ్వు లోపలికి పోయి గట్టిగా తట్టు, నేను బయట చెవి పెట్టి వింటాను. ఆ చప్పుడు నచ్చితే ఏడు బయానాలూ ఇప్పుడే."

ఏడు అన్న మాట నక్కను బొరియలోకి తోసేసింది. లోపల తడుతున్నాడు, టక్ టక్. "వినబడుతోందా అమ్మా?"

"ఇంకాస్త లోపలికి, నాయనా!"

అప్పుడే మెడగంటలు వినబడ్డాయి. లోపల తట్టడం ఠక్కున ఆగింది. దబ్బనమ్మ మనవళ్ళతో సహా పొద పక్కకు తప్పుకుంది. సింగరప్ప బయటికి దూకేలోపే గేదెలు వచ్చేశాయి. నిన్నటి బీట నక్క తట్టుడుకు ఇంకా విచ్చుకుని ఉంది; అయినా మొదటి గేదెకు ఏమీ కాలేదు. రెండోదానికి నేల మూలిగింది. మూడోది కాలు పెట్టగానే కప్పు కప్పంతా కూలి, దుమ్ము మధ్యలోంచి నక్క తల ఒక్కటి పైకి లేచింది, మొలకెత్తిన గుమ్మడి గింజలాగా. దాని పక్కనుంచి గేదెలు ఒక్కొక్కటే వింతగా చూసుకుంటూ పోయాయి. ఒకటి పోతూపోతూ పేడ కూడా వేసింది.

చివర్న వచ్చిన బూదెన్న ఆగాడు.

"సింగరప్పా, మా దారిలో పాతుకున్నావేమిటయ్యా?"

"ఇది... ఇది మీ దారా బూదెన్నా? అయ్యో, నాకు తెలియనే తెలియదు!"

"అదేమిటయ్యా! మొన్న వారం నువ్వే కదా నన్నాపి, మంద ఎన్నింటికి పోతుంది, ఎన్నింటికి వస్తుందని అడిగి తెలుసుకున్నావు?"

అంతా గొల్లున, ముళ్ళు గలగలలాడేలా నవ్వారు. సూదమ్మ అయితే పొట్ట పట్టుకుని, "నవ్వించకండే, ఇక్కడే పురుడొచ్చేలా ఉంది," అంది.

నక్కను పైకి లాగడానికి ముందే మాట తీసుకున్నారు. దుంపలు తిరిగొచ్చాయి. అప్పటికే తినేసిన మూడింటికి బదులు, సూదమ్మ కొత్తిల్లు ఎక్కడ కుదిరితే అక్కడ మట్టి తవ్విపోయడానికి సింగరప్ప అందరి ముందూ ఒప్పుకున్నాడు.

ఆ ఇల్లు పసిడే వెతికింది. ఈసారి ఆమె తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయి చూసింది. ఇరుగుపొరుగు తలుపులన్నీ తట్టింది. తొలి వాన కురిసిన గంటకు మళ్ళీ పోయి, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసొచ్చింది. అప్పుడు సూదమ్మను పిలిచింది.

"అక్కా, ముందు లోపాలు చెబుతాను. పక్కింటి పందికొక్కు గొణుగుడు రకం, రాత్రంతా ఏదో ఒకటి సణుగుతుంది. వేసవిలో నీళ్ళకు దూరం పోవాలి. గుమ్మం కాస్త ఇరుకు. మంచి చెప్పాలంటే, కింద రాయి ఉంది, చుక్క నీరు లోపలికి రాదు. నేల మీద ఎవరికీ పేచీ లేదు, నలుగురినీ అడిగాను. నువ్వు కూడా అడుగు. నాలుగు రోజులు ఆలోచించుకో."

సూదమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడోనాడు, ఎవరినెవరిని అడగాలో అందరినీ అడిగి, సరేనంది. సింగరప్ప గుమ్మం వెడల్పు చేస్తుంటే దబ్బనమ్మ పక్కన కూర్చుని, "ఇంకాస్త ఎడమకు నాయనా," అంటూ పని చేయించింది. గృహప్రవేశం రోజే సూదమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ సంబరానికి పందికొక్కు కూడా సణుగుడు మాని పాట అందుకుంది.

దబ్బనమ్మతో సహా ఆ ఏడు కుటుంబాలకూ పసిడే ఇళ్ళు చూపించింది. ఆ ఏడుగురూ చెప్పగా మరో పదిమంది వచ్చారు. సింగరప్ప ఇంకో రెండు వారాలు బేరాల కోసం గుట్ట చుట్టూ తిరిగాడు కానీ, ఎవరి దగ్గరికి పోయినా మొదటి ప్రశ్నకే దగ్గొచ్చి, రెండో ప్రశ్నకు పనుందని లేచిపోవలసి వచ్చేది. చివరికి తోక ముడిచి మళ్ళీ కోళ్ళదొడ్ల దారి పట్టాడు.

నీతి: కొనేవాడు నాలుగు వేళలా నేలను చూడాలి, అమ్మేవాడు అమ్మిన మర్నాడు కూడా కొన్నవాడి ముఖం చూడగలగాలి.