పన్నెండు అరల సంచి

ఎప్పటి మాటో ఇది. పగడాలపట్నం అని ఒక రాజ్యం, దానికి ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు.

ఆ పట్నంలో ఒక ఆచారం ఉండేది. అది ముందు చెప్పుకోవాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఎవరు దూరప్రయాణం కట్టినా వాళ్లకి పన్నెండు అరల సంచి ఒకటి ఇచ్చి, అరకొక వస్తువు చొప్పున దారిబత్తెం సర్దేవారు. తిరిగొచ్చిన రోజున కొలువులో అందరి ముందూ ఆ సంచి విప్పేవారు. సగానికి పైగా మిగిలితే మేళం మోగేది, మెడలో దండ పడేది. ఖాళీగా వస్తే మాత్రం, "ఉత్తసంచి వచ్చాడర్రోయ్!" అని వీధి పొడవునా నవ్వేవారు. అంతకు మించిన తిట్టు ఆ ఊళ్లో లేదు. ఎందుకంటే, ఒకప్పుడు కరువు చూసిన ఊరది. కరువు పోయి నూరేళ్లయింది. ఆచారం పోలేదు.

ఆ రాజుగారి మేనకోడలు మందారవల్లిని గండకుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల దాచాడు. వాడి ప్రాణం వాడి దగ్గర ఉండదు. ఇనుప పంజరంలో ఒక పచ్చ చిలకుంది, ఆ చిలకలో ఉంటుంది. పంజరానికి నల్లత్రాచు కాపలా.

పెద్దకొడుకు ఉగ్రకేతు వెళ్లాడు. రెండో సముద్రంలో తిండిలేక అలమటిస్తున్న జాలరులు కనిపిస్తే సంచి దులిపి పెట్టేసి వెనక్కొచ్చాడు. ఊరు నవ్వింది. రెండోవాడు చంద్రకేతు వెళ్లాడు. నాలుగో సముద్రంలో పడవ పగిలింది, బాగు చేసుకునేసరికి అన్నీ అయిపోయాయి. అతనూ వెనక్కొచ్చాడు. ఊరు మళ్లీ నవ్వింది. ఆనాటి నుంచి అన్నలిద్దరూ భోజనానికి కూర్చుంటే గోడవైపు తిరిగి తినేవారు. అది రోజూ చూసిన చిన్నవాడు జయకేతు ఒకటే అనుకున్నాడు. "చచ్చినా సరే, నేను ఉత్తసంచితో రాను."

అతని సంచిలో ఏమేం పెట్టారో చూడండి. అటుకులు, బెల్లం, ఉప్పు, నీళ్లతిత్తి, తాడు, కత్తి, చెకుముకిరాయి, నూనెబుడ్డి, కంబళి. తొమ్మిదయ్యాయి కదా? మిగిలిన మూడు అరల్లోనూ మూడు సంజీవివేరు ముక్కలు. అవి ఇస్తూ వైద్యుడు గట్టిగా చెప్పాడు.

"ఒక ముక్క ఒక ప్రాణాన్ని నిలబెడుతుంది బాబూ. కానీ కొసప్రాణమైనా ఉండగానే నోట్లో వెయ్యాలి. పోయాక వేస్తే ఉత్త కట్టెముక్కే."

జయకేతు తలూపి, ఆ మూడు అరలూ ఒకటిగా చేర్చి తాడుతో ఏడు ముళ్లు వేశాడు.

ఒడ్డున ఒక కొంగ, ఒక నీటికుక్క, ఒక ముంగిస అతని కోసం కాచుకుని ఉన్నాయి. గండకుడు వాటి పిల్లల్ని రాళ్లు చేశాడట. "నేను దారి చూపిస్తా" అంది కొంగ. "నేను నీళ్లలో బండలు చూపిస్తా" అంది నీటికుక్క. "నేను పాము సంగతి చూస్తా" అంది ముంగిస. నలుగురూ పడవెక్కారు.

ఆకలివేళ జయకేతు అటుకులు తీసి, వేళ్ల కొసలతో తలా ఒక చిటికెడు పెట్టాడు.

"దొరా, ఇవి తినమనా, వాసన చూడమనా?" అంది ముంగిస. నీటికుక్క కిసుక్కున నవ్వింది. జయకేతు కూడా నవ్వి సంచి మూతి బిగించాడు.

మూడో సముద్రంలో వడగళ్లవాన పట్టుకుంది. కొంగ రెక్క విరిగి, రొమ్ము చీలి పడవలో పడింది.

"రాజకుమారా, ఒక్క ముక్క" అంది.

జయకేతుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అబద్ధం కాదు, నిజంగానే తిరిగాయి. "ఇంకా నాలుగు సముద్రాలున్నాయి కదమ్మా. ఇంతకంటే పెద్ద ఆపద వస్తే ఏం చెయ్యను? కాస్త ఓర్చుకో."

కొంగ ఓర్చుకుంది. పొద్దు వాలేదాకా ఓర్చుకుని, చచ్చిపోయింది.

"మూడు ముక్కలున్నాయి దొరా" అంది ముంగిస. "మేం వచ్చింది ముగ్గురమే."

అయిదో సముద్రంలో పొగమంచు కమ్మింది. ముందు ఈదుతున్న నీటికుక్క కేక పెట్టింది. "బాబూ, దీపం పెట్టు! పడవ ఎటుందో నాకు కనబడటం లేదు!" బుడ్డి నిండా నూనె ఉంది. ఇప్పుడే వెలిగిస్తే మాంత్రికుడి గుహలో చీకటికి ఏం మిగులుతుందని జయకేతు ఆలోచిస్తూ ఉండగానే, పడవ వెళ్లి బండకు కొట్టుకుంది. నీటికుక్క మధ్యలో నలిగింది.

పైకి లాగారు. ఊపిరింకా ఆడుతోంది.

"వెయ్యి" అంది ముంగిస.

జయకేతు ఒక ముడి విప్పాడు. రెండోది విప్పాడు. మూడోది కూడా విప్పాడు. అప్పుడు మనసులో లెక్క మొదలైంది. ఇంకా రెండు సముద్రాలు, ఒక పాము, ఒక మాంత్రికుడు. అక్కడ మందారవల్లి ఏ స్థితిలో ఉందో? చేతులు ఆగిపోయాయి. కాసేపటికి ఆ మూడు ముళ్లూ తిరిగి వేశాడు.

నీటికుక్క పోయాక ముంగిస పడవలో అవతలి కొసకు పోయి కూర్చుంది. "నాకు వెయ్యమని అడగను దొరా. నేనొచ్చేది పాము కోసం. నీకోసం కాదు."

ఏడో సముద్రమూ దాటారు. గుహ వాకిట్లో, పంజరం దగ్గర ముంగిస, త్రాచు ఒకదాన్నొకటి చుట్టుకుని దొర్లాయి. త్రాచు చచ్చింది. జయకేతు పంజరం విరిచి చిలక మెడ నులిమాడు. లోపలెక్కడో గండకుడు కొండ విరిగినట్టు పడ్డాడు. అక్కడ ఒడ్డున రాళ్లయిన పిల్లలకి మళ్లీ ప్రాణమొచ్చింది. తలుపులు తెరుచుకుని మందారవల్లి పరుగెత్తుకొచ్చింది. సన్నబడింది కానీ, చక్కగా ఉంది. ఏ దెబ్బా తగల్లేదు.

ముంగిస మాత్రం లేవలేదు. మూతి నీలమైపోయింది. పాము కరిచింది.

ఇక పెద్ద ఆపదలేమీ మిగల్లేదు. జయకేతు సంచి మీద పడి ముళ్లు లాగాడు. ఏడు సముద్రాల ఉప్పునీళ్లకి తాడు ఉబ్బి బిగుసుకుపోయింది. గోళ్లు విరిగాయి. పళ్లతో లాగాడు.

"కోసెయ్ బావా! కత్తి ఉందిగా!" అని అరిచింది మందారవల్లి.

"కోస్తే సంచి..." అన్నాడు జయకేతు.

అంతే అన్నాడు. ఆ మాట పూర్తి చెయ్యలేదు, వెంటనే కోశాడు కూడా. కానీ ఆ రెప్పపాటు గడిచిపోయింది. వేరు నోట్లో పెడితే ముంగిస మింగలేదు. ఉత్త కట్టెముక్కలా పళ్ల మధ్య నిలబడింది.

చాలాసేపు ఏడ్చాడు. ఏడుస్తూనే అతని చెయ్యి, తనకు తెలియకుండానే, ఆ ముక్క తీసి, పంచెకు తుడిచి, సంచిలో పెట్టేసింది. మందారవల్లి అది చూసింది.

పగడాలపట్నంలో సంచి విప్పారు. అటుకులూ, బెల్లమూ, నీళ్లూ కొంచెం తరిగాయి, తాడు తెగింది, అంతే. నూనెబుడ్డి నిండుగా ఉంది. మూడు వేర్లూ ఉన్నాయి. మేళాలు ఊరు దద్దరిల్లేలా మోగాయి. గోల సద్దుమణిగాక ఉగ్రకేతు దగ్గరకొచ్చి అడిగాడు.

"ఒక్కడివే వెళ్లావా తమ్ముడూ?"

"లేదన్నయ్యా."

అన్న తల వంచుకుని, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, తీసేశాడు.

జయకేతు కొలువులో లేచి, కొంగ సంగతి, నీటికుక్క సంగతి, ముంగిస సంగతి, తను చేసిన పని, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. "ఈ వేళ నవ్వాల్సింది నన్ను చూసి" అన్నాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. "అబ్బ, ఎంత అణకువ!" అన్నారు. రాజయ్యాక ఆ ఆచారం మానెయ్యమని చాటింపు వేయించాడు. ఎదుట చిత్తమన్నారు. ఇళ్లకెళ్లి, "సంచి నింపుకొచ్చిన మారాజు, ఆయన చెబుతారు, మనం మానతామా" అనుకున్నారు. పిల్లలకి సంచి సర్దడం నేర్పేటప్పుడు ఆయన పేరే చెప్పేవారు. ఆ చెప్పడంలో కొంగా, నీటికుక్కా, ముంగిసా ఉండేవి కావు.

జయకేతుకీ మందారవల్లికీ పెళ్లి జరిగింది. పిల్లలు పుట్టారు. నలభై ఏళ్లు రాజ్యం చల్లగా సాగింది. మందారవల్లి ఆయనతో నవ్వేది, పాచికలాడేది, పిల్లల ముచ్చట్లు చెప్పేది. ఒంట్లో బాగా లేకపోతే మాత్రం చెప్పేది కాదు. దాసీలు వచ్చి చెబితేనే ఆయనకి తెలిసేది. కొలువు మధ్యలో లేచి, మందుగిన్నె పట్టుకుని, ఒలికిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తేవాడు.

"తగ్గిపోయింది బావా" అనేది ఆమె, కాగిపోతున్న ఒంటి మీదికి దుప్పటి లాక్కుంటూ.