ఇంజను పుట్టిన ఏడు

కొండమల్లి జమీందారు పాత పందెం కారొకటి కొనబోయి తికమకలో పడ్డాడు. కాగితాల్లో పంతొమ్మిది వందల ముప్ఫై ఆరో సంవత్సరమని ఉంది. ఇంజను మీది అంకెలేమో ఎవరో అరగదీసేశారు. "ఇంజనూ ముప్ఫై ఆరుదే ప్రభూ, నాదీ పూచీ!" అని మీసం దువ్వాడు దళారి పరాంకుశం.

"ఏ ఏడుదో తేల్చు సిలార్, లేదా రేపట్నుంచి పనిలోకి రాకు," అని మెకానిక్కుని గదమాయించాడు జమీందారు.

సిలార్ ఇంజను చుట్టూ తిరిగాడు. వాసన చూశాడు. బుర్ర గోక్కున్నాడు. చివరికి కొత్త బండికి చేసినట్టే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పరాంకుశానికి దండం పెట్టాడు.

"అయ్యా, మీ చేత్తోనే స్టార్ట్ చేసి తొక్కించండి. ముప్ఫై ఆరు ఇంజనుకి భయం లేదు. అంతకుముందుదైతే మాత్రం స్టార్ట్ చేయగానే పేలిపోతుంది."

"నాకు... నడుం నొప్పి," అంటూ పరాంకుశం వెనక్కి వెనక్కి నడిచాడు.

సిలార్ తనే ఎక్కి స్టార్ట్ చేశాడు. కారు నిమ్మకాయలు తొక్కుకుంటూ హాయిగా కదిలింది.

జమీందారుకి తికమక రెట్టింపయింది. "పేలలేదేంరా? అయితే ముప్ఫై ఆరుదేనా?"

"ఏ ఏడు ఇంజనూ పేలదు దొరా. ఇది ఏ ఏడుదో నాకిప్పటికీ తెలీదు. తెలిసినాయన అదిగో, గోడ వెనక నక్కాడు."