రెండో లడ్డు

పూర్వం ఒక దొర, పిల్లలు పుట్టలేదని పెద్ద భార్యను పుట్టింటికి పంపేసి, ఆకుపసర్లు అమ్ముకునే చిట్టెమ్మ కూతురు వరాలును చేసుకున్నాడు. నాలుగేళ్లకు చిట్టెమ్మను పిలిపించాడు.

"గొడ్రాలిని అంటగట్టావు. బండి కట్టించాను, తీసుకుపో!"

 చిట్టెమ్మ తమాయించుకుంది. దొర మూత్రానికి చీమలు పడుతున్నాయని కూతురు ఎప్పుడో చెప్పింది.

"అలాగే అల్లుడుగారూ. ముందు ఈ పొడపత్రి ఆకు నమిలి, లడ్డు తినండి."

దొర ఆకు నమిలాడు. వంటవాడు పళ్లెంలో తెచ్చిన లడ్డు కొరికి తుపుక్కున ఉమ్మేశాడు. "ఛీ, ఇసక! ఇంకోటి తెండి!"

రెండోదీ ఇసకలాగే ఉంది. వంటవాణ్ణి తిట్టబోయాడు. చిట్టెమ్మ అదే పళ్లెంలోని లడ్డు పక్కనే ఉన్న కూతురి నోట్లో పెట్టింది.

"తియ్యగానే ఉందమ్మా," అంది వరాలు.

"లోపం నోట్లో ఉంటే లడ్లు మార్చి ఏం లాభం బాబూ?" అంది చిట్టెమ్మ మెల్లగా. "మీకు మధుమేహం. అది బీజాన్నీ పాడుచేస్తుందంటారు. జబ్బుకు సిగ్గెందుకు?"

దొర తల దించుకున్నాడు. "మందుందా అత్తా?"

"ఇందాక నమిలిన ఆకే. కాసేపు నాలుక మీది తీపినే కాదు, ఒంట్లో చేరిన తీపినీ తగ్గిస్తుంది. రోజూ పసరు తీసిస్తాను. బిడ్డ సంగతి మాత్రం మాటివ్వలేను."

వరాలు కోసం కట్టిన బండి ఆ సాయంత్రం పెద్ద భార్యను తీసుకొచ్చింది.