మధ్యాహ్నం ముడుచుకునే టమాటా ఆకు

ఒకప్పుడు టమాటా మొక్కకు ఆకు ముడుచుకోవడం తెలియదు. పొద్దు పొడిచినప్పటి నుంచి గూకేదాకా ఆకులన్నీ వెడల్పుగా చాపుకునే ఉండేది. మధ్యాహ్నం ఎండకు వేలాడిపోయి "నీళ్లు, నీళ్లు" అని ఏడ్చేది.

కొండవాలులో ఓబులమ్మ, మల్లేసు అనే భార్యాభర్తలకు ఒక టమాటా తోట ఉండేది. మొక్క ఏడుపు వింటే ఓబులమ్మకు అన్నం సహించేది కాదు. తింటున్న కంచం పక్కన పెట్టి, ఎద్దులు కట్టి, బావిలోంచి మోట తోలేది. కాలువ నిండా నీళ్లు పారేవి. మొక్క గటగటా తాగేది. మళ్లీ మర్నాడు అదే ఏడుపు.

ఒకనాడు బావి ఆమెను పిలిచింది.

"ఓబులమ్మా, నా అడుగున రాళ్లు తేలాయి. వానలు ఇంకా దూరం. నువ్వు తోడే నీళ్లలో మొక్క తాగేది కొంచెమే. మిగతాది ఎక్కడికి పోతోందో సూర్యుణ్ణి అడుగు."

ఓబులమ్మ తలెత్తి అడిగింది.

"నేనే తాగుతున్నాను," అన్నాడు సూర్యుడు. "మధ్యాహ్నం కాలువలో పారిస్తే తాగనా? ఆ మొక్క ఆకులు చాపి మరీ ఇస్తోంది. దాచుకుంటే నేనేమీ లాక్కోను."

ఆ సాయంత్రం మల్లేసు ఎద్దులకు నీళ్లు పెట్టాడు. తొట్టి సగం కూడా నిండలేదు.

"తోట పీకేద్దాం. ఉన్న నీళ్లు ఎద్దులకే చాలవు," అన్నాడు.

"పూత మీదుంది. ఇప్పుడెలా పీకుతాం?"

"ఎద్దులు పోతే దుక్కి ఎలా దున్నుతాం, చెప్పు."

ఓబులమ్మ లోపలికి వెళ్లి కూర్చుంది. ఎదురుగా తాగే నీళ్ల కుండ ఉంది. కుండ చుట్టూ చెమ్మ, కింద మన్ను తడి. ఆ తడిని వేలితో తాకి చాలాసేపు చూసింది.

తెల్లారాక ఇంట్లో ఉన్న మట్టికుండలన్నీ తోటకు మోసింది. మొక్కల మధ్య గుంతలు తీసి, మూతి మాత్రం పైకి ఉండేలా పాతింది. నీళ్లు నింపి మూతలు పెట్టింది. మొక్కల చుట్టూ మన్ను కనబడకుండా ఎండుగడ్డి పరిచింది.

"అమ్మా, నా కాలువ ఏది?" అంది టమాటా మొక్క.

"ఇక కాలువ లేదు. నీళ్లు కుండలో ఉన్నాయి."

మొక్క కుండను బతిమాలింది. "కాస్త ఇటు పారవా?"

"నాకు పారడం రాదు, ఊరడమే వచ్చు," అంది కుండ. "నీ వేళ్లే నా దగ్గరికి రావాలి."

మట్టి పైపొరలోనే పడుకోవడం అలవాటైన వేళ్లు భయపడుతూ కిందికి దిగాయి. కుండ ఒంటిని పట్టుకున్నాయి. కొంచెం కొంచెంగా తడి అందింది.

కానీ మధ్యాహ్నం కాగానే అందిన తడి అందినట్టే ఎండకు పోయింది. మొక్క మళ్లీ ఏడ్చింది. ఓబులమ్మ గుమ్మం దాకా వచ్చి తోటవైపు చూసింది. మోట దగ్గరికి వెళ్లలేదు. కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది.

ఇక ఎవరూ రారని మొక్కకు అర్థమైంది. "దాచుకుంటే లాక్కోను" అని సూర్యుడు ఓబులమ్మతో అనగా విన్న మాట గుర్తొచ్చింది. మెల్లగా ఒక ఆకు అంచులు పైకి మడిచింది. ఆ ఆకులో తడి నిలిచింది. ఇంకో ఆకు మడిచింది. తర్వాత అన్నీ మడిచింది. ఏడుపు ఆగింది.

అటుగా వచ్చిన మల్లేసు ముడుచుకున్న ఆకుల్ని చూశాడు.

"అయిపోయింది, ఎండిపోయాయి. పీకేస్తున్నా," అంటూ వంగాడు.

ఓబులమ్మ పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "పొద్దు వాలనీ. అప్పటికీ ఇలాగే ఉంటే నేనే పీకుతాను."

ఇద్దరూ గట్టుమీద కూర్చున్నారు. ఎండ తగ్గింది. కొండనీడ తోటమీదికి వచ్చింది. ఒక్కొక్క ఆకూ విచ్చుకుంది. మల్లేసు దగ్గరికి వెళ్లి ఆకును తాకి చూశాడు. చల్లగా, నిండుగా ఉంది. బిందె తీసుకుని బావికి వెళ్లాడు. తెచ్చిన నీళ్లు కుండల్లో పోశాడు.

వానలొచ్చేదాకా బావి ఎండలేదు. ఎద్దులకు తొట్టి నిండా నీళ్లు దొరికాయి. కాయలు ఎర్రబడ్డాయి.

అప్పటినుంచే టమాటా మొక్క మండే ఎండలో ఆకులు ముడుచుకుని, పొద్దు వాలాక విచ్చుకుంటోంది. తోట తెలిసినవాళ్లు మధ్యాహ్నం దాన్ని చూసి నీళ్లకు పరిగెత్తరు. సాయంత్రం దాకా ఆగుతారు. అప్పటికీ ఆకు విచ్చుకోకపోతేనే నీళ్లు పెడతారు.