మంచులో కేక

ఏబేలు భార్య లేయమ్మకు నొప్పులు మొదలై రెండు రోజులైంది. బిడ్డ అడ్డం తిరిగింది. "ఇక నా వల్ల కాదు, డాక్టరమ్మను పిలిపించండి" అని మంత్రసాని చేతులెత్తేసింది.

వాళ్లుండేది గోదావరి మధ్య లంకలో. డాక్టరమ్మ ఉండేది అవతలి ఒడ్డున. తెల్లవారుతూనే పడవ పోలయ్య ఆమెను తీసుకురావడానికి వెళ్లాడు. అతను వెళ్లాక దిగింది మంచు. అలాంటి ఇలాంటి మంచు కాదు, చెయ్యి చాపితే వేళ్లు కనపడలేదు. పడవ రేవు తప్పి ఏ ఇసుకదిబ్బకో తగులుకుందంటే, మంచు విడిచేదాకా అక్కడే. అందుకే అలాంటి రోజుల్లో పడవ కోసం చూసేవాళ్లు రేవులో నిలబడి కేకలు వేస్తారు. ఆ కేక పట్టుకుని పడవ వస్తుంది.

ఏబేలు గంట నుంచి అరుస్తున్నాడు. "ఓ పోలయ్యో! ఇటూ!"

గోదావరి ఉలకలేదు, పలకలేదు. వెనక ఇంట్లోంచి లేయమ్మ అరుపు మాత్రం వినపడుతోంది. అదీ పోనుపోను సన్నబడుతోంది.

పక్కన జకరయ్య అయ్యగారు నిలబడి ఉన్నారు. ఏబేలుకు వాక్యం నేర్పి, లంకలోని చర్చిలో ప్రసంగం చెప్పే ఉపదేశిగా నిలబెట్టింది ఆయనే. డెబ్బై దాటిన మనిషి, పైగా ఆయాసం. ఈ చలిలో రావద్దంటే వింటేనా!

ఉన్నట్టుండి ఏబేలు కేకలు ఆపేశాడు.

"ఏం, ఆపావు?"

"ఎవరు వింటున్నారని అయ్యగారూ? రెండు రోజులు మోకాళ్ల మీద ఉన్నాను. పైనుంచి ఒక్క మాట లేదు. ఇక్కడా అంతే. వచ్చే ఆదివారానికి ఇంకెవరినైనా చూసుకోండి. ఆశ వదలొద్దని జనానికి చెప్పే నోరు నాకు లేదు."

పాపం, కడుపు మండి అన్నాడు. తప్పుపట్టడానికి నాకైతే మనసు రాదు.

అయ్యగారు తిట్టలేదు, వాక్యమూ ఎత్తలేదు. మెడకు చుట్టుకున్న మఫ్లరు విప్పేసి, మోకాళ్లదాకా నీళ్లలోకి దిగి, "ఓ పోలయ్యో!" అన్నారు. అదేం కేక! సగం పిల్లికూత, సగం దగ్గు. ఆ దగ్గు తెర తగ్గాక మళ్లీ పిలిచారు. మళ్లీ దగ్గు.

నాలుగోసారికి ఏబేలు తట్టుకోలేకపోయాడు. "చచ్చిపోతారు, బయటికి రండి!" అని రెక్క పట్టుకుని లాగాడు. ఆయన కదల్లేదు. ఇంకోసారి నోరు తెరవబోతుంటే, ఆయన మీద కోపంతోనే ఏబేలు గొంతు చించుకున్నాడు.

"పోలయ్యో!"

ఇక అరుస్తూనే ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది. అవతల నుంచి చిన్న చప్పుడు కూడా లేదు.

చివరికి రెండు బారల దూరంలో మంచు చీల్చుకుని పడవ కనపడింది. డాక్టరమ్మ దూకి, చీర ఎత్తిపట్టుకుని ఇంటివైపు పరుగెత్తింది.

ఏబేలు వెళ్లి పోలయ్య చొక్కా పట్టుకున్నాడు. "ఇంతసేపు చచ్చేలా అరిచానే! వినపడలేదా? ఒక్కసారి ఓయ్ అంటే నీ సొమ్మేం పోయింది?"

"వినపడకేం ఉపదేశిగారూ! నడి గోదాట్లో ఉన్నప్పటి నుంచీ వింటున్నా. మధ్యలో కాసేపు ఆపేశారు చూడండి, అప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత ఎవరిదో దగ్గు వినపడితే దాన్ని పట్టుకున్నా. నేను నోరు తెరిస్తే మీ కేక ఎలా వినాలండీ? డాక్టరమ్మను కూడా మాట్లాడొద్దన్నా."

ఏబేలు చొక్కా వదిలేశాడు.

ఇంటికి వెళ్లేసరికి తలుపు వేసి ఉంది. లోపల లేయమ్మ అరుపు లేదు. పసిబిడ్డ ఏడుపూ లేదు. ఏబేలు ఆ తలుపు వంక చూశాడు. గుమ్మం ముందు తడి మట్టిలోనే మోకాళ్ల మీద పడి, పెదాలు కదిలీ కదలనట్టు "తండ్రీ" అన్నాడు.

అయ్యగారు వచ్చి పక్కన మోకరించారు.

"ఇంకాస్త గట్టిగా, నాయనా" అన్నారు.