జిడ్డు పోయిన గొంగడి

పొద్దున ఏడు గంటలు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. రాళ్లగుట్ట కింది మా పల్లెలో గొంగళ్లు నేసే మా మరిది ఓదేలు పనిలో ఎవరికీ తీసిపోడు గానీ, ఎదుటివాడు ముక్కు మూసుకుంటే మాత్రం తట్టుకోలేకపోయేవాడు.

ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు గొంగడి సంగతి చెప్పాలి.

మేము గొర్లను వాగు మడుగులో ఉత్త నీళ్లతో కడిగేవాళ్లం. ఒళ్లు ఆరాక ఉన్ని కత్తిరించేవాళ్లం. ఆ తర్వాత ఉన్నిని మళ్లీ కడిగేవాళ్లం కాదు. నేను వడికేదాన్ని. ఓదేలు చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నేసేవాడు. నల్ల గొర్రె ఉన్ని నల్లగానే ఉండేది, తెల్ల గొర్రెది తెల్లగానే. రంగు లేదు, మందు లేదు. గొర్రె ఒంటి జిడ్డు గొంగడిలో ఉండిపోయేది. వాన పడితే ఆ జిడ్డే నీళ్లను జార్చేది.

మా అత్తమ్మ ఒక పరీక్ష పెట్టేది. కొత్త గొంగడి నాలుగు కొసలు నాలుగు గుంజలకు కట్టించి, నడుమ చెంబెడు నీళ్లు పోసేది. పొయ్యి మీద అన్నం ఉడికేదాకా కింద చుక్క పడకూడదు. పడితే ఆ గొంగడి మా గడప దాటేది కాదు. ఆవిడ పోయాక కూడా ఓదేలు ఆ పరీక్ష మానలేదు.

ఎండాకాలంలో పట్నం నుంచి ఒక దుకాణం ఆయన వచ్చాడు. గొంగడి విప్పి చూశాడు. వెంటనే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"నేత బాగుందయ్యా. కానీ గొర్రె పక్కన పడుకున్నట్టుంది" అన్నాడు.

ఓదేలు ముఖం చిన్నబోయింది. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"గొర్రె ఉన్ని గొర్రె వాసన రాక మల్లెపూల వాసన వస్తదా?" అన్నాను.

"నీకేం వదినా, నీ ముక్కు గొర్లకు అలవాటైంది."

"నీ ముక్కో? అది పట్నంల పుట్టిందా?"

మా ఆయన పకపకా నవ్వాడు. ఓదేలు నవ్వలేదు.

మర్నాడే బజారు నుంచి బట్టల సోడా, సబ్బుపొడి తెచ్చాడు. కాగులో నీళ్లు మరిగించి ఉన్నిని రెండుసార్లు ఉడకబెట్టాడు. ఉన్ని మెత్తగా, తేలిగ్గా, పువ్వులా తేలింది. వడుకుతుంటే నా వేళ్లకు మాత్రం పొడిగా తగిలింది. ఎప్పుడూ అంటుకునే జిడ్డు ఈసారి అంటలేదు. ఆ మాటే చెప్పాను.

"అదే గదా వదినా మనకు కావాల్సింది!" అని మురిసిపోయాడు.

ఆ ఉన్నితో నేసిన మొదటి గొంగడి మా బిడ్డ సరూపకు ఇచ్చాడు. సరూప కాలేజీ సెలవులకు ఇంటికి వచ్చింది. గొంగడి ముఖానికి ఆనించుకొని, "చిన్నబాపూ, సబ్బు వాసనొస్తుంది!" అంది. ఆ ఒక్క మాటతో ఓదేలు కడుపు నిండింది.

"చెంబు పరీక్ష చెయ్యవా?" అని అడిగాను.

"ఇవి పట్నంల సోఫాల మీద పరుచుకునేటియి. సోఫా మీద వాన పడ్తదా వదినా?"

నేను ఊరుకున్నాను. ఊరుకోవాల్సింది కాదు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. వాగులో ఒక్క మడుగే మిగిలింది. నేను మొదట చెప్పిన ఆ పొద్దున, ఓదేలు రెండో విడత ఉన్నిని ఆ మడుగులోనే జాడించాడు. మా ఆయన, సరూప నలభై మూడు గొర్లను తోలుకొని వెళ్లేసరికి మడుగంతా తెల్లని నురగ. మంద ముందు నడిచే ముసలి గొర్రె నీళ్లలో మూతి పెట్టింది. తుమ్మింది. వెనక్కి తిరిగింది. మిగతావన్నీ దాని వెంటే తిరిగాయి.

"ఏందిరా ఇది? గొర్లకు గూడ సబ్బుతానం చేపిస్తవా?" అన్నాడు మా ఆయన.

"రేపటికి తేరుకుంటది అన్నా."

"గొర్ల దూప రేపటిదాకా ఆగుతదారా?"

ఇక చేసేది లేక, వాళ్లిద్దరూ మందను వాగు దాటించి గుట్ట అవతలి క్వారీ గుంతకు తోలుకెళ్లారు. అక్కడ నీళ్లున్నాయి. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే సరూప కొత్త గొంగడి భుజాన వేసుకుంది.

"ఇంత ఎండల అదెందుకే?" అన్నాను.

"సోకుకు" అని నవ్వింది.

రెండింటికి గుట్ట వెనక మబ్బు లేచింది. మూడింటికి వాన మొదలైంది. కుండపోత. వెంట ఈదురుగాలి. నాలుగింటికల్లా వాగు రెండు ఒడ్లూ ఒరుసుకొని పారుతోంది.

నేను వాకిట్లో నిలబడ్డాను. ఓదేలు నా పక్కన నిలబడ్డాడు. వాగు వైపే చూస్తూ అన్నాడు.

"వదినా, బిడ్డ ఏ గొంగడి కప్పుకుంది?"

"నువ్విచ్చిందే."

అతను లోపలికి వెళ్లాడు. చిలక్కొయ్యకున్న మా అత్తమ్మ పాత గొంగడి తీసి కప్పుకున్నాడు. వంతెన మీదుగా చుట్టు దారిన పరుగెత్తాడు.

అక్కడ ఏం జరిగిందో సరూప తర్వాత చెప్పింది. కొత్త గొంగడి వానకు కాసేపు కూడా ఆగలేదట. నీళ్లన్నీ పీల్చుకొని తడి మట్టిముద్దలా భుజాల మీద కూర్చుందట. చలికి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. కాళ్లు తిమ్మిరెక్కాయి. మా ఆయన దాన్ని లాగి పారేసి, బిడ్డను ఒక రాతి చాటుకు తీసుకెళ్లి తన పాత గొంగడిలోకి పొదువుకున్నాడు.

"లోపల పొడిగా ఉందే అమ్మా. ముక్కు నిండ గొర్రె వాసన. బాపు వాసన. అంత మంచి వాసన నేనెన్నడూ చూడలే."

ఓదేలు వాళ్లను వెతికి పట్టుకునేసరికి సరూప నడిచే స్థితిలో లేదు. అతను తన ఒంటి మీది గొంగడి తీసి ఆమెకు చుట్టాడు. వీపున వేసుకున్నాడు. తాను నిండా తడుస్తూ వంతెన మీదుగా ఇంటిదాకా మోసుకొచ్చాడు. మా ఆయన మందను తోలుకుంటూ వెనకే వచ్చాడు.

మర్నాడు ఎండ వచ్చింది. సరూపకు జ్వరం, మంచం మీద ఉంది. ఓదేలు గుట్ట అవతలికి వెళ్లి ఆ తడి గొంగడి తెచ్చాడు. పిండి ఆరేశాడు. బాగా ఆరాక నాలుగు కొసలు గుంజలకు కట్టాడు.

"వదినా, చెంబు తే. పొయ్యి మీద అన్నం పెట్టు."

చెంబెడు నీళ్లు పోశాడు. నేనింకా బియ్యం కడగనే లేదు, నీళ్లన్నీ నేల మీద ఉన్నాయి.

మంచం మీది నుంచి సరూప అంది: "చిన్నబాపూ, పారెయ్యకు. పిండి జల్లించుకుందాం."

ఓదేలు నవ్వాడు. నవ్వుతూనే తల గుంజకు ఆనించి ఏడ్చాడు. నేను ఖాళీ చెంబు అతని చేతిలోంచి తీసుకున్నాను.

వాగు తగ్గాక మడుగు తేటబడింది. మంద నీళ్లకు వచ్చిన పొద్దున ఓదేలు ఒడ్డున కూర్చున్నాడు. ముసలి గొర్రె మూతి పెట్టింది. ఆగింది. మళ్లీ పెట్టి, తాగింది. అది కడుపునిండా తాగేదాకా అతను కదలలేదు.

ఆ తర్వాత ఉన్నిని సబ్బుతో ఉడకబెట్టలేదు. దుకాణం ఆయనకు ఫోన్ చేసి, "సారూ, మా గొంగడి గొర్రె పక్కన పడుకున్నట్టే ఉంటది. ఇష్టమైతేనే తీసుకోండ్రి" అన్నాడు. ఆయన మళ్లీ రాలేదు. వాన తెలిసినవాళ్లు వచ్చారు.

మబ్బు పడితే నేను ఇప్పటికీ వాకిట్లో నిలబడతాను. ఆ సాయంత్రం చీకటి పడకముందు వాళ్లు వంతెన దారిన రావడం, నేను వేళ్లు మడిచి లెక్కపెట్టడం గుర్తొస్తుంది. ఓదేలు వీపున సరూప, ఒకటి. వెనక మా ఆయన, రెండు. ఓదేలు, మూడు. గొర్లు నలభై రెండు. మళ్లీ లెక్కపెట్టాను. నలభై రెండే. ఒక గొర్రెపిల్ల వాగు పాలైంది.

ఎదుటివాళ్ల మెప్పు కోసం వస్తువు అసలు గుణాన్ని కడిగేసి, అందరూ తాగే నీళ్లను పాడు చేస్తే, ఆ ఆపద చివరికి మన ఇంటివాళ్ల మీదికే వస్తుంది.