తారకం త్వరణం

సముద్రం ఒడ్డున ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో, ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే జవాబు చెప్పేసే తారకం అనే పరిశోధకుడు ఉండేవాడు.

ఇంట్లోనూ అదే వరస. "కూరలో ఉప్పు..." అని భార్య హైమవతి అనడమే ఆలస్యం, గరిటెడు ఉప్పు గుమ్మరించేవాడు. "వేసేశానండీ, మళ్లీ వేయకండి" అన్న మిగతా మాట చెవిన పడేసరికి కూర సముద్రపు నీళ్లయి కూర్చునేది. చివరికి ఆవిడ ఉప్పు డబ్బాను అటకెక్కించింది.

మనిషి మాత్రం బుద్ధిమంతుడే. అతని పరిశోధన శూన్యం మీద. ఏమీ లేదనుకునే శూన్యంలోనూ ఒక సన్నని అలజడి ఉంటుంది. దాని ద్వారానే రెండు పరమాణువులు ఒకదాన్నొకటి పట్టించుకుంటాయి. రెండూ జంటగా ఒకే వేగంతో సాగిపోతే, అది ఎంత వేగమైనా సరే, ఆ సంబంధం చెక్కుచెదరదు. వేగం క్షణక్షణం పెరుగుతూ పోతే మాత్రం, అంటే త్వరణం ఉంటే, చల్లని శూన్యమే వాటికి వెచ్చగా తోస్తుంది. ఎడంగా ఉన్న వాటి మధ్య పట్టు సడలుతుంది. ఇదంతా తారకం చక్కగా లెక్కగట్టి సిద్ధాంత గ్రంథం రాశాడు.

ఇక మిగిలింది మౌఖిక పరీక్ష. అది గట్టెక్కితే సోమవారమే కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. లేకపోతే అది ఇంకొకరికి పోతుంది.

ఆ శాఖలో పరీక్షకు నిలబడేవాడే అందరికీ టిఫిను పెట్టడం ఆనవాయితీ. అందుకని పరమాణువు ఊసే పట్టనివాళ్లు కూడా పెసరట్టు ఉప్మా వాసనకు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తారకానికి దారి చూపిన గురువు భానోజీరావు గారు అతన్ని పక్కకు పిలిచారు.

"నాయనా, ఆవిడ అడిగేది మొత్తం..."

"అలాగేనండీ!" అన్నాడు తారకం. ఆయన చెప్పబోయిందేమిటో వినలేదు.

ఆవిడంటే హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారి అలివేలమ్మ గారు. మాట మహా నిదానం. సగం వాక్యం చెప్పి కళ్లద్దాలు తుడుచుకుంటారు. తక్కిన సగానికి ముందు మంచినీళ్లు తాగుతారు.

"శూన్యంలో రెండు పరమాణువులు..." అని ఆవిడ కళ్లద్దాలు తీశారు.

"వాటికి శూన్యం వెచ్చగా తోస్తుందండీ!" అన్నాడు తారకం.

"...కదలకుండా ఉన్నాయనుకుందాం, అనబోయాను."

ముందు వరస ముసిముసిగా నవ్వింది. తారకం చెమట తుడుచుకున్నాడు.

"సరే, ఇప్పుడవి జంటగా కదులుతున్నాయి. మహా వేగం..." అని ఆవిడ గ్లాసు అందుకున్నారు.

తారకం బోర్డు మీదికి లంఘించాడు. పట్టు ఎలా సడలుతుందో చూపిస్తూ ఈ మూల నుంచి ఆ మూలకి సమీకరణాలు నింపేశాడు. అలివేలమ్మ గారు నింపాదిగా గ్లాసు కింద పెట్టారు.

"...మహా వేగమే, కానీ అది పెరగదు, తరగదు, అనబోయాను. అప్పుడు పట్టు ఎందుకు సడలుతుంది నాయనా?"

సభ ఘొల్లుమంది. భానోజీరావు గారు తల పట్టుకున్నారు. తారకం నాలుక కరుచుకున్నాడు. సడలదని తన గ్రంథంలో రెండో అధ్యాయమంతా తనే రాశాడు మరి!

"నీ బుర్ర వేగంగా నడిస్తే నాకు అభ్యంతరం లేదు," అన్నారావిడ. "ఎదుటి మనిషితో పట్టు తప్పేదాకా దాన్ని ఉరికిస్తున్నావు. నెల తర్వాత మళ్లీ రా."

పరీక్ష వాయిదా పడింది గానీ పెసరట్టు వాయిదా పడలేదు. అందరూ సుష్టుగా తిన్నారు. తారకం మాత్రం వడ్డిస్తూ ఉండిపోయాడు. సోమవారం ఆ ఉద్యోగంలో వేరొకాయన చేరాడు.

నెల తర్వాత అలివేలమ్మ గారు మళ్లీ వచ్చారు. ప్రశ్న మొదలుపెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నారు. తారకం పెదవులు బిగించాడు. నీళ్లు తాగారు. తారకం కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ తక్కిన సగం చెప్పి ముగించినా, తారకం ఇంకా ఆవిడ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"నా ప్రశ్న అయిపోయింది నాయనా," అన్నారావిడ.

"నిజంగానేనా అండీ?" అని అడిగి, ఆవిడ తలూపాకే జవాబు మొదలుపెట్టాడు. ఒక్క తప్పూ దొర్లలేదు. పట్టా వచ్చింది. చేజారిన ఉద్యోగం మాత్రం రాలేదు. ఇంకోటి వెతుక్కోవలసి వచ్చింది.

నీతి: పూర్తిగా వినకుండా చెప్పిన జవాబు ఎంత తెలివైనదైనా, అది ఎవరూ అడగని ప్రశ్నకు జవాబే.